గీతకి ఇవతల మిస్ ఆల్వీరా

ప్రొవిడెన్సియా దీవిలోని బాటమ్ హౌస్ అనే ఊళ్ళో మిస్ ఆల్వీరా అంటే కొబ్బరి రొట్టె. ఏ ఇంట్లోనైనా పొద్దున కాఫీ పక్కన ఆ రొట్టె కనపడలేదంటే రెండే కారణాలు. ఆవిడకి ఒంట్లో బాగాలేదనుకోవాలి, లేదంటే ఆ ఇంటివాళ్ళతో ఆవిడకి మాటల్లేవనుకోవాలి. సాధారణంగా రెండోదే.

మనిషి పొట్టి, గొంతు పెద్దది. నవ్వితే పక్క వీధిలో కోళ్ళు బెదిరి లేచేవి. పిండి పిసుకుతూనే పాడేది, పాడుతూనే బేరమాడేది, బేరమాడుతూనే రోడ్డు మీద స్కూటర్ల మీద పోయేవాళ్ళందరినీ పేరుపేరునా పలకరించేది. ఇంత చేసినా ఆవిడ ఆ ఊరి మనిషి కాదు. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, కానీ ఎవరికీ గుర్తుండేది కాదు.

ఆవిడ పుట్టింది కార్న్ ఐలాండ్‌లో. ప్రొవిడెన్సియా నుంచి నైరుతిగా పడవ వదిలితే మర్నాటికి కనపడే దీవి. చర్చి ఉత్సవాలకి ఆ దీవి పాటల బృందం, అదే క్వయర్, ఇక్కడికి వచ్చినప్పుడు, అందులో ఆల్టో అనే కింది స్వరం పాడే పిల్ల ఈ ఆల్వీరా డౌన్స్. పడవ రేవుకి వస్తుంటే, తాడు అందుకోడానికి రాన్సెల్ హాకిన్స్ అనే కుర్ర జాలరి నిలబడి ఉన్నాడు. వాడు తాడు చూడాల్సింది పోయి ఈ పిల్లని చూశాడు. తాడు నీళ్ళల్లో పడింది, పడవ రేవుకి గుద్దుకుంది, పాస్టర్‌గారి టోపీ ఎగిరి సముద్రంలో పడింది. ఉత్సవాలయ్యాక క్వయర్ ఒక ఆల్టో తక్కువతో వెనక్కి వెళ్ళింది.

అప్పట్లో అదేమంత వింత కాదు. ఇక్కడి కొబ్బరికాయలు అక్కడికీ, అక్కడి పందులు ఇక్కడికీ వెళ్ళేవి. పెళ్ళికూతుళ్ళు రెండు వైపులా వెళ్ళేవాళ్ళు. అదే ఇంగ్లీషు యాస, అదే బాప్టిస్ట్ పాటలు, ఇంటిపేర్లు కూడా సగం అవే. అక్కడ ప్రభుత్వం నికరాగ్వాది, ఇక్కడ ప్రభుత్వం కొలంబియాది అన్న మాట బళ్ళో పిల్లలకి చెప్పేవాళ్ళు, పిల్లలు మర్చిపోయేవాళ్ళు.

"నేను పుట్టినప్పుడు మా దీవి కాగితాల మీద అమెరికా వాళ్ళకి అద్దెకిచ్చి ఉండేది. మా అమ్మకి ఆ సంగతి తెలీదు. తెలిస్తే వెళ్ళి అద్దె అడిగి ఉండేది," అనేది ఆల్వీరా.

తర్వాత రోజులు మారాయి. అటువైపు యుద్ధం వచ్చింది. పడవల మీద నిఘా పెరిగింది. ఒక అక్టోబర్లో పెద్ద తుపాను కార్న్ ఐలాండ్‌ని ఊడ్చి పారేసింది. ఆ తుపానులోనే ఆల్వీరా వాళ్ళమ్మ పోయింది. కబురు ఆలస్యంగా వచ్చింది. వెళ్ళాలంటే మెయిన్‌లాండ్ మీదుగా రెండు రాజధానులు చుట్టి రావాలన్నారు. ఆవిడ వెళ్ళలేకపోయింది. తమ్ముడు లోవెల్ దాన్ని మనసులో పెట్టుకున్నాడు. "అక్కకి తల్లికంటే కొలంబియా ఎక్కువైంది," అని ఎవరితోనో అన్నాడట. ఆ మాట ఎవరి ద్వారానో ఈవిడ చెవిన పడింది. వాడు ముందు మాట్లాడితే మాట్లాడదామని ఈవిడ, ఆవిడ ముందు మాట్లాడాలని వాడు. అలా కూర్చుని ఇద్దరూ ముసలివాళ్ళయిపోయారు.

2012 నవంబరులో, దీవులూ సముద్రమూ ఎవరివన్న రెండు దేశాల తగాదా మీద హేగ్ అంతర్జాతీయ కోర్టు తీర్పు వచ్చిన రోజున ఊరు ఊరంతా ఓస్మండ్ రాబిన్సన్ వరండాలో ఉంది. ఓస్మండ్ అంటే రాన్సెల్‌తో కలిసి వేటకెళ్ళే మనిషి. ఆయన ఇంటి వరండాలో డామినోల బల్ల, దాని ఎదురుగా టీవీ. ఆ రోజు డామినోలు ఎవరూ ముట్టుకోలేదు. టీవీలో కోటు వేసుకున్నాయన చాలాసేపు స్పానిష్‌లో మాట్లాడాడు.

ఆలస్యంగా వచ్చిన ముసలి కెప్టెన్ ఎబ్ స్కూటర్ దిగుతూనే అడిగాడు, "ఏమన్నారు? దీవులు మనవేనా?"

"మనవే," అన్నాడు ఓస్మండ్.

"మరి ఆ ఏడుపు మొహాలేంటి?"

"దీవులు మనవి. నీళ్ళు చాలావరకు వాళ్ళవి."

"నీళ్ళు లేకపోతే దాన్ని దీవి అనరయ్యా. కొండ అంటారు!"

"ఈ సంగతి చేపలకి చెప్పారా?" అన్నాడు రాన్సెల్. ఎవరూ నవ్వలేదు. తాతల నాటి నుంచి వల వేసిన తావులన్నీ కోర్టు గీసిన సరిహద్దు గీతకి అవతల పడ్డాయని ఒక్కొక్కరికే బుర్రకెక్కుతోంది.

అంతలో ఓస్మండ్ అక్క మిస్ డ్రుసిల్లా కుర్చీలోంచి లేచింది. ఆవిడ చర్చి క్వయర్‌కి పెద్ద. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ ఇస్త్రీ మడత నలగకుండా ఉంటుంది. ఆల్వీరా ఈ ఊరొచ్చినప్పటి నుంచీ ఇద్దరికీ నువ్వు అని పిలుచుకునే చనువు. ఆ రోజు మాత్రం మడత విప్పకుండానే అడిగింది.

"సంతోషమేనా మిస్ ఆల్వీరా? మీవాళ్ళు గెలిచారు."

మీవాళ్ళు. వరండాలో తలలన్నీ ఇటు తిరిగాయి.

"మావాళ్ళెవరు మిస్ డ్రుసిల్లా? మా సొంత తమ్ముడే నాతో మాట్లాడడు. ఆ హేగ్ వాళ్ళు నాతో చెప్పి చేశారంటారా?"

"ఊరికే అన్నాను లెండి."

"నేనూ ఊరికే విన్నాను లెండి."

ఆ 'లెండి' చాలాకాలం నడిచింది. వారం తిరక్కుండా ఊళ్ళో ఊరేగింపు పెట్టారు. డ్రుసిల్లా కుట్టుమిషన్ మీద కూర్చుని కొలంబియా జెండా రంగుల్లో పసుపు, నీలం, ఎరుపు పట్టీలు అందరికీ కుట్టింది. ఆల్వీరాకి కుట్టలేదు. ఆదివారం ప్రార్థనకి ముందు, "ఈ వారం ప్రార్థన మన సముద్రం కోసం కదా, మీకు ఇబ్బందిగా ఉంటుందేమో. వెనక కూర్చోండి," అంది. ఆల్వీరా వెనక కూర్చోలేదు. ఇంటికొచ్చి పిండి పిసకడం మొదలుపెట్టింది. ప్రార్థన ముగిశాక ఇల్లు చేరిన రాన్సెల్, ఆ రోజు పిండి పడ్డ దెబ్బలు చూసి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

కాసేపటికి గుమ్మంలోంచి తొంగి చూశాడు. "పోనీ నేను వెళ్ళి మాట్లాడనా?"

"ఏమని మాట్లాడతావ్? మా ఆవిడ మంచిది, దేశమే చెడ్డదని చెబుతావా?"

"ఆల్టో లేకపోతే పాట వినలేకపోయామని చెబుతా."

"నిజంగా అంత బాలేదా?"

"పిల్లుల పోట్లాట."

అప్పుడు కాస్త తగ్గింది. కానీ ఆ రోజు నుంచి డ్రుసిల్లా ఇంటికి రొట్టె ఆగిపోయింది. ఈ దీవికొచ్చి ఇంతకాలమైనా, నువ్వెవరి మనిషివి అని ఆవిడనెవరూ అడగలేదు. అడిగాక, ఎంత వెతికినా ఆవిడకి జవాబు దొరకలేదు. అసలు కోపం దాని మీదే.

రొట్టె ఆగిన ఇంట్లో మగవాడు ఓస్మండ్. పాపం, పెళ్ళి కాలేదు, అక్క దగ్గరే ఉంటాడు. పొద్దున్నే వేటకి పోయేటప్పుడు రాన్సెల్ వాటా రొట్టెలో సగం తినేవాడు. ఆ సంగతి ఆల్వీరాకి తెలుసు. తెలిసే, రాన్సెల్‌కి రెట్టింపు కట్టేది.

ఫిబ్రవరిలో ఒక బుధవారం ఇద్దరూ ఎర్ర చేపల కోసం పడమటికి వెళ్ళారు. గీత దాటొద్దని రేవు ఆఫీసు వాళ్ళు మళ్ళీ మళ్ళీ చెప్పారు. "కనపడితే దాటం," అన్నాడు ఓస్మండ్. గురువారం సాయంత్రానికి రావాలి. రాలేదు. శుక్రవారం తూర్పు గాలి లేచింది. నేవీ వాళ్ళు ఒక పడవని పంపారు, ఒక విమానం రెండుసార్లు తిరిగింది. సముద్రం తెల్లగా పొంగుతోంది తప్ప ఏమీ లేదన్నారు.

శనివారం పొద్దున ఆల్వీరా వంటింట్లో కొబ్బరి కోరుతోంది. అంత కొబ్బరి ఎందుకో ఆవిడకే తెలీదు, చెయ్యి ఆగితే బుర్ర మొదలుపెడుతుందని భయం. తలుపు తట్టకుండా డ్రుసిల్లా లోపలికి వచ్చింది. తల దువ్వుకోలేదు. గౌనుకి బొత్తాం ఒకటి తప్పు కాజాలో పెట్టుకుంది. బల్లకి అటువైపు కూర్చుని ఇంకో కొబ్బరి చిప్ప అందుకుంది. ఇద్దరూ కోరారు. గిన్నె నిండింది. ఇంకో గిన్నె తెచ్చుకున్నారు.

చాలాసేపటికి డ్రుసిల్లా అంది, "ఓస్మండ్‌కి ఈత సరిగ్గా రాదు. జాలరి అయ్యుండి కూడా. ఎవరికీ చెప్పొద్దంటాడు."

"రాన్సెల్‌కి వచ్చు. వాడు వదలడు."

"నీకు తెలుసా?"

"నాకు తెలుసు."

తెలుసన్నది గానీ, కోరుతున్న వేలు గీరుకుపోయి రక్తం వస్తున్న సంగతి ఆవిడకి తెలియలేదు. డ్రుసిల్లాయే చూసి గుడ్డ కట్టింది.

అప్పుడే బయట స్కూటర్ చప్పుడు. కెప్టెన్ ఎబ్ హారన్ మీద నుంచి చెయ్యి తీయకుండానే అరుస్తున్నాడు. జాలర్ల సంఘం షెడ్డులో పెద్ద రేడియో చూసుకునేది ఆయనే.

"ఆల్వీరా! కార్న్ ఐలాండ్ నుంచి ఎవరో నీ పేరు పెట్టి అడుగుతున్నారు! ఎక్కు!"

ఆల్వీరా ఎక్కింది. వెనకే డ్రుసిల్లా కూడా ఎక్కింది. ఆ స్కూటర్ ముగ్గురి కోసం చేసింది కాదు. ఎత్తు మీద అది మూలిగింది, పల్లం మీద ఎబ్ మూలిగాడు. షెడ్డు చేరేసరికి వెనక ఇంకో పది స్కూటర్లున్నాయి.

రేడియోలో గరగరమంటూ గొంతు వినపడుతోంది. "ఆల్వీరా డౌన్స్ ఉందా అక్కడ? ఓవర్."

మొదటి మాటకే ఆవిడ రేడియో మీదకి వంగింది. అచ్చం నాన్న గొంతు. ఎబ్ స్టూలు లాగి కూర్చోబెట్టి, మైకు చేతిలో పెట్టి, బొత్తాం చూపించాడు.

"ఆల్వీరా హాకిన్స్," అందావిడ. "ఎవరు మాట్లాడేది?"

అవతల గరగర.

"మాట అయ్యాక ఓవర్ అనాలి," గొణిగాడు ఎబ్.

"ఓవర్!"

"నా గొంతు గుర్తుపట్టలేదా? ఓవర్."

"పట్టాను. నువ్వే చెప్తావని ఊరుకున్నాను. ఓవర్."

"ఇంకా మారలేదు నువ్వు. సరే విను. మా ఒడ్డుకి నీ వస్తువొకటి కొట్టుకొచ్చింది. ఓవర్."

ఆవిడ మైకుని రెండు చేతులా పట్టుకుంది. "బతికుందా? ఓవర్."

"బతికే ఉంది. బాగా తింటోంది. ఓవర్."

డ్రుసిల్లా మైకు లాక్కుంది. ఓవర్ గీవర్ ఏమీ లేదు. "ఓస్మండ్? మా ఓస్మండ్ ఏడీ?"

"ఇంకోటి కూడా వచ్చిందమ్మా. అది ఇంతకంటే ఎక్కువ తింటోంది. ఓవర్."

షెడ్డంతా గోల. ఎవరో ఏడ్చారు, ఎవరో కేకేశారు, ఎవరో చప్పట్లు కొట్టారు. డ్రుసిల్లా గోడకి ఆనుకుని అలాగే నేల మీదకి జారి కూర్చుంది. ఇస్త్రీ సంగతి పట్టించుకోలేదు.

లోవెల్ చెప్పుకుపోతున్నాడు. ఇంజన్ చచ్చిపోయి పడవ పడమటికి కొట్టుకుపోతుంటే, లాబ్‌స్టర్లనే పెద్ద రొయ్యలు పట్టే బోటు వాళ్ళు చూసి తాడు కట్టి లాక్కొచ్చారట. ఆ ఇంజన్‌ని లోవెల్ షెడ్డుకి తెచ్చారు. ఎందుకంటే ఆ దీవిలో ఏ ఇంజన్ చచ్చినా లోవెల్ దగ్గరికే తెస్తారు.

"ఇక్కడ నన్నందరూ బోల్ట్ అంటారు. నీ మొగుడికి నేనెవరో తెలీదు. నేను ఇంటిపేరు విన్నాను గానీ, ఊరుకున్నాను. నా పక్కనే కూర్చుని స్పానర్లందిస్తూ, 'ఈ ఊళ్ళో మా ఆవిడకో తమ్ముడున్నాడు బోల్ట్, లోవెల్ అని, అలాంటి మొండి గాడిద ఈ సముద్రంలో ఇంకోటి లేదు' అంటున్నాడు. నేను, 'అలాగా, ఇంకా ఏం చేశాడేంటి వాడు' అని అడుగుతూ కూర్చున్నాను. నిన్నంతా ఇదే. ఓవర్."

షెడ్డులో నవ్వు పైకప్పుని తాకింది. ఆల్వీరా కూడా నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ. "గాడిద అన్నాడా? నేనెప్పుడూ గాడిద అనలేదు. అడవిపంది అన్నాను. ఓవర్."

"అదీ చెప్పాడు." గరగర. లోవెల్ గొంతు కాస్త తగ్గింది. "ఇంకోటి కూడా చెప్పాడక్కా. అమ్మ పోయినప్పుడు నువ్వు రోజూ రేవులోనే కూర్చునేదానివట. పడవ ఉన్న ప్రతివాణ్ణీ అడిగావట. కాపలా పడవలు కాలుస్తాయని ఎవరూ రాలేదట. చివరికి నువ్వొక్కదానివే తెడ్లు పట్టుకుని బయల్దేరితే ఊరివాళ్ళు వెనక్కి ఈడ్చుకొచ్చారట. నాకీ సంగతి ఎవరూ చెప్పలేదు. ఓవర్."

ఆవిడ బొత్తాం నొక్కలేదు. తెడ్లతో పోతున్న ఆమెని ఆ రోజు ఈడ్చుకొచ్చిన వాళ్ళలో ఎబ్ ఒకడు. ఆయన నేల చూపులు చూస్తున్నాడు. అప్పుడు రేడియోలో ఇంకెవరిదో గొంతు, ఏ బోటు నుంచో, స్పానిష్ యాసతో పలికింది: "అమ్మా, జవాబు చెప్పండి. మేమందరం వింటున్నాం. ఓవర్."

ఆల్వీరా ముక్కు చీది బొత్తాం నొక్కింది. "నువ్వడగలేదు కదరా. ఓవర్."

"అడగలేదు. తప్పు నాది. ఓవర్."

"సగం నాది. నేనూ చెప్పి పంపలేదు. ఇక చాలు, ఊరంతా వింటోంది. ఓవర్."

"ఊరు కాదక్కా, సముద్రం అంతా వింటోంది. ఓవర్."

మనుషులు దొరికారు గానీ, వాళ్ళని తీసుకురావడం అంత తేలిక్కాలేదు. కాగితాల ప్రకారం వాళ్ళు పరాయి దేశంలోకి అనుమతి లేకుండా వచ్చినవాళ్ళు. కాగితాలు రాజధానికి వెళ్ళి రావాలన్నారు అక్కడ. ఇక్కడా అదే మాటన్నారు. రెండు వైపులా ఆఫీసర్లు మంచివాళ్ళే, కానీ ఇద్దరి పైనా ఇంకెవరో ఉన్నారు. ఈలోగా రాన్సెల్, ఓస్మండ్ లోవెల్ ఇంట్లో రోజూ రన్‌డౌన్ తింటున్నారు. కొబ్బరిపాలలో చేప, సీమపనస, పెండలం వేసి ఉడికించే ఆ కూర గురించి రాన్సెల్ రేడియోలో మరీ ఎక్కువగా పొగిడాడు. "ఇక్కడ వంట..." అని మొదలుపెట్టాడు. "ఓవర్," అంది ఆల్వీరా, వాడింకా మాట పూర్తి చేయకముందే.

చివరికి ఎవరి పేరూ బయటికి రాకుండా ఒక దారి దొరికింది. ఇది సముద్రంలో ప్రాణాలు కాపాడిన వ్యవహారం కాబట్టి, వాళ్ళు గీత దాకా తెచ్చి దింపుతారు, వీళ్ళు గీత దాకా వెళ్ళి ఎక్కించుకుంటారు. ఎవరూ ఎవరి దేశంలోకీ రారు. ఎబ్ తన పెద్ద పడవ తీశాడు.

"నేనూ వస్తాను," అంది ఆల్వీరా. ఆదివారం టోపీ పెట్టుకుంది, చేతిలో సంచి, ఇంకో చేతిలో గుడ్డలో చుట్టిన వేడి రొట్టెలు.

"నేనూ," అంది డ్రుసిల్లా.

"నీకు సముద్రం పడదు కదా!" అన్నాడు ఎబ్.

"నా తమ్ముడు నాకు పడతాడు. పడవ తియ్యి."

రేవు దాటిన కాసేపటికే డ్రుసిల్లా మొహం సున్నం కొట్టినట్టయింది. అంచు పట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నానికి ఎబ్ ఇంజన్ ఆపి చేతిలో పరికరం చూసుకున్నాడు. "వచ్చేశాం. గీత ఇదే."

చుట్టూ చూశారు. నీలం. ఇవతల నీలం, అవతలా నీలమే. ఒక తెల్ల పక్షి ఎవరినీ అడక్కుండా ఇటు నుంచి అటు పోయింది. అంతలో డ్రుసిల్లా ఇక ఆపుకోలేక అంచు మీద నుంచి వంగింది. ఆల్వీరా వెళ్ళి నడుం పట్టుకుంది.

"సిగ్గుపడకు, కానివ్వు," అంది. "అటువైపు నికరాగ్వా."

డ్రుసిల్లాకి వాంతి మధ్యలో నవ్వొచ్చింది. అది చాలా ప్రమాదకరమైన వ్యవహారం. దగ్గు, నవ్వు, కన్నీళ్ళు అన్నీ కలిసిపోయాయి. తెరిపిన పడ్డాక ఆల్వీరా చెయ్యి పట్టుకుంది. "ఆ రోజు నిన్ను వెనక కూర్చోమన్నాను. నా బుద్ధి గడ్డి తింది."

"అదేం లేదు. నీ బుద్ధి ఊరేగింపుకి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది కదా."

నైరుతి వైపు చుక్కలాగా కనపడింది, పెరిగి లాబ్‌స్టర్ బోటు అయింది. వెనక తాడుకి రాన్సెల్ పడవ తోకలా ఊగుతోంది. ముందు నిలబడ్డ మనిషికి పెద్ద పొట్ట, తెల్ల జుట్టు, అమ్మ నుదురు. పక్కన రాన్సెల్ నిలబడి ఉన్నాడు, తనది కాని చొక్కాలో, తప్పు చేసిన కుర్రాడిలాగా. ఓస్మండ్ అయితే కనపడ్డ దగ్గర్నుంచీ చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

పడవలు రెండూ పక్కపక్కన చేర్చి తాళ్ళు కట్టారు. అల వచ్చినప్పుడల్లా ఒకటి లేచి ఒకటి దిగుతోంది. ముందు ఓస్మండ్ దూకి అక్క ఒళ్ళో పడ్డాడు. రాన్సెల్ దిగి భార్య ఎదుట నిలబడ్డాడు.

"చిక్కిపోతావనుకున్నాను," అందావిడ.

"మీ తమ్ముడు చిక్కిపోనివ్వలేదు."

ఆవిడ వాడి చెంప మీద చెయ్యి వేసింది. కొడుతుందేమో అని వాడు కళ్ళు మూసుకున్నాడు. కొట్టలేదు. చెయ్యి అలాగే ఉంచింది.

తర్వాత తల తిప్పి అవతలి పడవ వైపు చూసింది. లోవెల్ అంచుకి వచ్చాడు.

"రా అక్కా."

"నువ్వే రా."

"నాకు కాగితాల్లేవు."

"నాకు మాత్రం ఉన్నాయా?"

ఇద్దరూ కదల్లేదు. అలలు మాత్రం ఒకసారి అక్కని పైకెత్తుతున్నాయి, ఒకసారి తమ్ముణ్ణి. ఎబ్ విసుక్కున్నాడు. "రేడియోలో అంతసేపు ఏడ్చారు కదా, ఇప్పుడేమయింది?"

ఆల్వీరా రొట్టె ఒకటి విరిచి అందించింది. లోవెల్ అందుకుని కొరికాడు. నమిలాడు. "బాగుంది. కానీ అమ్మ ఇందులో జాజికాయ వేసేది కాదు."

"వేసేది. నువ్వు తినేవాడివి, చూసేవాడివి కాదు."

"కొంచెమే వేసేది."

"కొంచెమే వేశాను."

వాడు ఇంకో ముక్క కొరికాడు. రొట్టె నోట్లో ఉండగానే ఏడుపొచ్చి, పెద్ద మనిషి పొట్ట కదిలేలా ఏడ్చాడు. ఆల్వీరా ఇంక పంతం చూసుకోలేదు. సంచి ఎబ్ చేతిలో పెట్టి, గౌను ఎత్తి పట్టుకుని, అల పైకి లేపిన క్షణం చూసి ఆ పడవలో అడుగుపెట్టింది. లోవెల్ ఆవిడని అమాంతం పట్టుకున్నాడు. టోపీ నలిగిపోయింది.

కాసేపటికి ఆవిడ ఇవతలికి తిరిగి చెయ్యి చాచింది. "ఎబ్, ఆ సంచి ఇలా ఇవ్వు."

అప్పుడు అర్థమైంది రాన్సెల్‌కి. "ఆ సంచి ఎందుకే?"

"బట్టలు."

"నేనిప్పుడే వచ్చాను కదా!"

"అందుకేగా. ఇల్లు చూసుకోడానికి మనిషి కావాలి. పిండి గుడ్డ కింద పెట్టి వచ్చాను, పొద్దున్నే కాల్చు. ఈస్టర్‌కి వస్తాను."

"అటు ఆఫీసరు ఒప్పుకుంటాడా?"

"నిన్ననే అడిగాను," అన్నాడు లోవెల్. "కళ్ళు మూసుకుని లెక్కపెడుతూ ఉంటానన్నాడు. ఈస్టర్ దాకా లెక్కపెట్టగలడట."

కార్న్ ఐలాండ్ రేవులో ఆవిడకి ఏమీ గుర్తుపట్టడానికి లేకుండా పోయింది. తుపాను తర్వాత కట్టిన ఇళ్ళు, కొత్త చర్చి. కానీ గోడ మీద కూర్చున్న ఒక ముసలమ్మ "వీరీ!" అని పిలిచింది. అమ్మ తప్ప ఎవరూ అలా పిలవలేదని ఇన్నాళ్ళూ అనుకుంది. రోడ్డు మధ్యలో కూలబడి ఏడ్చింది. తర్వాత నాలుగైదు రోజులు అక్కాతమ్ముళ్ళు అమ్మ సమాధి పగుళ్ళు పూడ్చి సున్నం వేశారు. పని చేసినంతసేపూ పోట్లాడుకున్నారు, తాపీ పట్టుకోవడం దగ్గర్నుంచి అమ్మ పుట్టిన సంవత్సరం దాకా. వచ్చీపోయేవాళ్ళు ఆగి వినేవాళ్ళు.

ఈస్టర్ ముందు వారం అదే పద్ధతిలో తిరిగొచ్చింది. ప్రొవిడెన్సియా రేవులో కొత్తగా వచ్చిన ఆఫీసరు కుర్రాడు, మెయిన్‌లాండ్ కొండల వాడు, ఆపాడు.

"ఎక్కడి నుంచి వస్తున్నారమ్మా?"

"పుట్టింటి నుంచి."

"కాగితాలు?"

"పుట్టింటికి కాగితాలేంటి నాయనా?"

వాడు కాసేపు ఆలోచించాడు. "మా అమ్మా ఇలాగే మాట్లాడుతుంది," అని పక్కకి తప్పుకున్నాడు.

ఇంట్లో రాన్సెల్ కాల్చిన రొట్టెలు పెరట్లో వరసగా ఉన్నాయి. కోళ్ళు కూడా వాటి జోలికి పోలేదు. ఊరివాళ్ళు మొదటి రోజు జాలితో కొన్నారట, రెండో రోజు మొహమాటంతో కొన్నారట, తర్వాత దారి మార్చుకుని తిరిగారట.

గీత ఎక్కడుందో అక్కడే ఉంది. జాలర్ల గొణుగుడు తగ్గలేదు, తగ్గాల్సిన కారణమూ లేదు. చేపల కోసం ఇంకా దూరం తూర్పుకి పోవాల్సి వస్తోంది. మరుసటి ఆగస్టులో లోవెల్ వచ్చాడు. ఈసారి నిజంగానే రెండు రాజధానులు చుట్టి, విమానాలు మారి, స్టాంపులన్నీ వేయించుకుని వచ్చాడు. పక్క దీవికి రావడానికి అన్ని ఊళ్ళు తిరిగినందుకు దారి పొడుగునా తిట్టుకుంటూనే వచ్చాడు. అన్నం తిని, ఇంజన్ ఆయిల్ గురించి రాన్సెల్‌తో గొడవపడి, వరండాలో గోనె ఊయల మీద వాలి గురకపెట్టడం మొదలుపెట్టాడు.

సాయంత్రం రొట్టెల కోసం జనం వచ్చారు. డ్రుసిల్లా గేటు దగ్గర నుంచే ఏదో కేకేయబోయింది. ఆల్వీరా పిండి చేతులు పైకెత్తి ఆపింది. ఆ గొంతు అంత చిన్నదవ్వగలదని ఊళ్ళో ఎవరూ అనుకోలేదు.

"మెల్లగా రండి. మా తమ్ముడు పడుకున్నాడు."